ఊరి చివరి ఇంటిదాకా: గ్రామాల్లో కోవిడ్ టీకా, బూస్టర్ డోసుల శిబిరం నిర్వహించడం ఎలా?

ఈ మార్గదర్శి ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు, పంచాయతీ కార్యదర్శులకు, సర్పంచులకు, మహిళా సంఘాల నాయకురాళ్లకు, ఊరి కోసం పనిచేయాలన్న తపన ఉన్న యువతకు. సూది వేయడం శిక్షణ పొందినవారి పని. మనిషిని సూది దాకా, సూదిని మనిషి దాకా చేర్చడం ఊరంతటి పని. ఇక్కడ రాస్తున్నది ఎక్కువగా ఆ రెండో పని గురించే.

మన దేశంలో కోవిడ్ టీకాల కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైంది. అదే ఏడాది అక్టోబర్ 21 నాటికి 100 కోట్ల డోసులు, 2022 జులై 17 నాటికి 200 కోట్ల డోసులు పూర్తయ్యాయి. అయితే రెండు డోసులకు వరుస కట్టిన ఊళ్లే మూడో డోసు వచ్చేసరికి చల్లబడ్డాయి. జబ్బు భయం తగ్గడం ఒక కారణం. అంతకంటే బలమైన కారణం నా దృష్టిలో మరొకటి ఉంది. చాలా శిబిరాలు సిబ్బందికి వీలైన వేళల్లో, సిబ్బందికి వీలైన చోట జరిగాయి. కూలికి పోయేవారికి, మంచం దిగలేనివారికి, వలస వెళ్లినవారికి ఆ వేళలూ ఆ చోట్లూ అందలేదు. మిగిలిపోయిన ఇళ్లన్నీ రికార్డుల్లో ‘నిరాకరించినవి’గా నమోదయ్యాయి. ఆ తలుపులు మళ్లీ తడితే, గట్టిగా వద్దనేవారు కొద్దిమందే కనిపిస్తారు. మిగతావారిని సరైన వేళకు ఎవరూ అడగలేదు, అంతే. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే కింద చెప్పే ప్రతి అడుగుకూ అర్థం తెలుస్తుంది.

1. ముందు మీకు స్పష్టత: ఎవరికి, ఏ డోసు, ఎంత వ్యవధి?

మన దేశంలో బూస్టర్‌ను ప్రభుత్వం ‘ప్రికాషన్ డోసు’, అంటే ముందుజాగ్రత్త డోసు అంది. 2022 జనవరి 10న వైద్య సిబ్బందికి, ముందువరుస ఉద్యోగులకు, 60 ఏళ్లు దాటి ఇతర జబ్బులున్నవారికి దీన్ని మొదలుపెట్టారు. మార్చి 16 నుంచి 60 దాటిన వారందరికీ, ఏప్రిల్ 10 నుంచి 18 దాటినవారికి ప్రైవేటు కేంద్రాల్లో డబ్బుకు ఇచ్చారు. జులై 15 నుంచి 75 రోజులపాటు ప్రభుత్వ కేంద్రాల్లో పెద్దలందరికీ ఉచితంగా వేశారు. రెండో డోసుకూ దీనికీ మధ్య వ్యవధి మొదట 9 నెలలు. 2022 జులైలో దాన్ని 6 నెలలకు తగ్గించారు.

ఏ టీకా అన్నది ఇంకో ప్రశ్న. మొదట్లో తొలి రెండు డోసులు ఏవైతే మూడోదీ అదే. 2022 ఆగస్టులో కోవిషీల్డ్ లేదా కోవాగ్జిన్ వేసుకున్న పెద్దలకు కార్బెవాక్స్‌ను బూస్టర్‌గా అనుమతించారు. 2023 జనవరి 26న ముక్కులో చుక్కలుగా వేసే ఇన్‌కోవాక్ వచ్చింది. కోవాగ్జిన్‌ను, ఇన్‌కోవాక్‌ను భారత్ బయోటెక్, కార్బెవాక్స్‌ను బయోలాజికల్ ఇ తయారు చేశాయి. రెండూ హైదరాబాద్ సంస్థలే. ఈ మాట ఊళ్లో తప్పక చెప్పండి. ఎక్కడిదో తెలియని మందు అనే జంకు కొంత తగ్గుతుంది.

ఇవన్నీ ఆనాటి నియమాలు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అంతకుముందు మార్చిలోనే ఆ సంస్థ నిపుణుల బృందం బూస్టర్ల విషయంలో ప్రాధాన్యాన్ని స్పష్టం చేసింది. వృద్ధులు, మధుమేహం, గుండెజబ్బు వంటివి ఉన్నవారు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, గర్భిణులు, రోగుల మధ్య పనిచేసే వైద్య సిబ్బంది ముందు వరుసలో ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న యువతకు మళ్లీ మళ్లీ బూస్టర్లు వేయాలని ఆ బృందం చెప్పలేదు. అందువల్ల ‘ఊరందరికీ ఏటా బూస్టర్’ అని ప్రచారం చేయవద్దు. మీ శక్తినంతా పైన చెప్పిన ముందు వరుసవారి మీద పెట్టండి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కోవిడ్ టీకా ఎప్పుడూ నిల్వ ఉంటుందని అనుకోకూడదు. ఏ టీకా వస్తోంది, ఎన్ని డోసులు, గడువు ఎప్పటిదాకా, ఏ వయసువారికి అనుమతి? ఈ నాలుగు ప్రశ్నలకు వైద్యాధికారి దగ్గర జవాబు రాసుకున్నాకే ఊళ్లో నోరు విప్పండి. చాటింపు విని కూలి మానుకొని వచ్చిన మనిషికి ‘టీకా అయిపోయింది’ అని చెబితే, ఆ మనిషి మరోసారి రావడం కష్టం.

2. ఇంటింటి జాబితా

శిబిరం గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జూన్ 20న ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేయగలిగారు. ఇళ్ల వివరాలు గ్రామ సచివాలయాల్లో, వలంటీర్ల దగ్గర, ఆశా కార్యకర్తల పుస్తకాల్లో ముందే సిద్ధంగా ఉండకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

కొత్తగా సర్వే చేయనవసరం లేదు. ఊళ్లో ఉన్న పుస్తకాలను ఒకచోట చేర్చండి. పింఛన్ల జాబితాలో వృద్ధులు, దివ్యాంగులు దొరుకుతారు. ఏఎన్ఎం దగ్గరి బీపీ, షుగర్ రోగుల పుస్తకంలో దీర్ఘరోగులు ఉంటారు. గర్భిణుల వివరాలు అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఉంటాయి. ఇవి మూడూ కలిపితే బూస్టర్ ముందుగా అందాల్సినవారిలో ఎక్కువమంది వచ్చేస్తారు. తరువాత వీధివీధీ తిరిగి సరిచూసుకోండి.

పేరు, వయసు, ఫోను, వేసుకున్న టీకా, చివరి డోసు తేదీ ఎవరైనా రాస్తారు. మరో రెండు గళ్లు గీయండి. ఒకటి: ‘పగలు ఎక్కడ ఉంటారు?’ రెండోది: ‘ఎవరి మాట వింటారు?’ పత్తి చేలో ఉండే మనిషిని ఇంటి దగ్గర పదిసార్లు వెతికినా దొరకదు. కొడుకు మాట వినని తండ్రి తన ఈడు స్నేహితుడు చెబితే వెంటనే లేచి వస్తాడు. అత్తగారు ఊ అంటే తప్ప గడప దాటని కోడళ్లూ ఉన్నారు. ఈ రెండు గళ్లు నిండితే మీ పని సగం తేలిక అవుతుంది.

ఊరంటే గ్రామకంఠం మాత్రమే కాదు. తండా, గూడెం, కాలనీ, చేపల చెరువుల దగ్గరి కాపలా గుడిసెలు, కోళ్ల ఫారాలు, ఇటుక బట్టీలు కూడా ఊరే. తెలంగాణ బట్టీల్లో పనిచేసే ఒడిశా కుటుంబాలు ఏ పంచాయతీ లెక్కలోనూ కనిపించవు. వారి మేస్త్రీతో మాట్లాడి, వారి భాష తెలిసినవారిని వెంటబెట్టుకొని వెళ్లండి.

3. రోజు, వేళ, చోటు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బుధ, శనివారాలు పిల్లల టీకాల రోజులు. వాటిని కదిలించవద్దు. పిల్లల టీకాలు వెనకబడితే కోవిడ్ టీకా వేసి సాధించినదానికంటే పోగొట్టుకునేదే ఎక్కువ.

మిగతా రోజుల్లో వ్యవసాయ పనులను చూసుకోండి. నాట్ల రోజుల్లో, పత్తి తీతల్లో, మిర్చి కోతల్లో పగటిపూట శిబిరం పెడితే వచ్చేది సిబ్బందే. ఆ కాలంలో తెల్లవారుజామున పనికి బయలుదేరే ముందైనా, పొద్దు గూకాకైనా పెట్టాలి. వేసవిలో ఉపాధి హామీ పనులు పొద్దున్నే మొదలై ఎండ ముదిరేలోగా ముగుస్తాయి. పని ముగిసే వేళకు పనిచోటికి దగ్గర్లో నీడ, నీళ్లు చూసుకొని శిబిరం పెట్టండి. మేట్ దగ్గర హాజరు పట్టీ ఉంటుంది కాబట్టి ఎవరు మిగిలారో అక్కడికక్కడే తేలుతుంది. ఏజెన్సీలో సంత రోజు అందరూ కొండ దిగుతారు. తీరప్రాంతంలో పడవలు ఒడ్డుకు చేరే వేళ చూసుకోవాలి. రంజాన్ నెలలో ముస్లిం కుటుంబాలున్న వీధుల్లో ఇఫ్తార్ తరువాత పెట్టడం మర్యాద.

ఇంకో సంగతి. టీకా తరువాత ఒకరోజు జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. రెక్కాడితే గాని డొక్కాడని ఇంట్లో ఆ ఒకరోజు కూలి చిన్న నష్టం కాదు. ‘ఏమీ కాదమ్మా’ అని కొట్టిపారేయకుండా, మర్నాడు పనికి సెలవు ఉండే రోజును ఎంచుకోండి. పండుగకు, జాతరకు, ఇంట్లో పెళ్లికి ముందురోజు టీకా వేసుకోమని బలవంతపెట్టవద్దు. ఇంట్లో దంపతులకు ఒకేరోజు కాకుండా రెండు విడతల్లో వేస్తామంటే వంట చేయడానికి, పశువులను చూడటానికి ఒకరు లేచి తిరుగుతారు.

చోటు విషయంలో ఒకటే పరీక్ష: ఊళ్లో ఎవరైనా అక్కడికి అడుగు పెట్టడానికి జంకుతారా? జంకుతారని ఒక్క ఇంటి గురించి అనిపించినా ఆ చోటు వద్దు. పెద్ద ఇంటి అరుగు, ఒక కులంవారి సామాజిక భవనం, ఒక పార్టీ నాయకుడి ఆవరణ ఇలాంటివే. పాఠశాల, అంగన్‌వాడీ కేంద్రం, విలేజ్ క్లినిక్, పల్లె దవాఖానా అందరివీ. మెట్లు ఎక్కే పని లేకుండా, కూర్చోవడానికి బెంచీలు, తాగునీరు, మరుగుదొడ్డి ఉండేలా చూడండి.

4. మాట

చాటింపు అవసరమే. డప్పు, గుడి మైకు, మసీదు మైకు, చర్చిలో ఆదివారం ప్రకటన అన్నీ వాడండి. అవి వార్తను చేరుస్తాయి. సందేహం తీరేది మాత్రం ఎదురెదురుగా కూర్చున్నప్పుడే.

ముందుగా ఊరి ఆర్ఎంపీని కలవండి. గ్రామాల్లో జ్వరం వస్తే మొదట వెళ్లేది ఆయన దగ్గరికే. ‘నీకు ఎందుకులే ఇప్పుడు’ అని ఆయన ఒక్కమాట అంటే మీరు నెల రోజులు తిరిగినా ఆ ఇల్లు కదలదు. ఆయనను పక్కన పెట్టడం కంటే, ఎవరికి వేయాలో, ఎవరికి వాయిదా వేయాలో వివరంగా చెప్పి కలుపుకోవడం మేలు. తరువాత మహిళా సంఘాల సమావేశాలు. అప్పు కంతులు కట్టేందుకు అందరూ ఎలాగూ కూర్చుంటారు. ఆ చివరి పావుగంట అడిగి తీసుకోండి.

ఇంటికి వెళ్లినప్పుడు మీరు ముందు మాట్లాడవద్దు. “పెద్దమ్మా, రెండు సూదులు వేయించుకున్నారు కదా, అప్పుడు ఎలా ఉంది?” అని అడిగి ఊరుకోండి. ఆమె మనసులో ఉన్నది బయటికి వస్తుంది. దానికే జవాబు చెప్పండి. ఎక్కువగా వినిపించే సందేహాలు ఇవి.

“పథ్యం ఏమైనా ఉందా?” లేదు. వంకాయ, మాంసం, చేప, పెరుగు ఏది తినేవారు అది తినవచ్చు. ఖాళీ కడుపుతో మాత్రం రావద్దని చెప్పండి. సూది చూసి కళ్లు తిరిగి పడిపోయేది ఎక్కువగా అలాంటివారే.

“కల్లు మానాలా?” కల్లు తాగితే టీకా పనిచేయదనడానికి ఆధారం లేదు. అయినా జ్వరం, నీరసం ఉన్న ఒకటి రెండు రోజులు మానితే మంచిది. తాగి శిబిరానికి రావద్దని సున్నితంగా చెప్పండి. ‘నెల రోజులు ముట్టకూడదు’ అనే పుకారు ఎందరినో ఆపింది. దాన్ని గట్టిగా ఖండించండి.

“షుగర్, బీపీ మాత్రలు ఆపాలా?” ఆపకూడదు. వారికే టీకా ఎక్కువ అవసరం. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. సూది వేసిన చోట కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి.

“గర్భిణి వేసుకోవచ్చా?” పాలిచ్చే తల్లులకు 2021 మే 19న, గర్భిణులకు 2021 జులై 2న కేంద్రం అనుమతించింది. డాక్టరుతో మాట్లాడించి, కుటుంబం ఒప్పుకున్నాక వేయాలి. టీకాతో పిల్లలు పుట్టరనే ప్రచారానికి ఆధారం లేదు. ఈ భయాన్ని కోడలితో మాట్లాడి వదిలేయకండి. అది ఎక్కువగా అత్తగారిలో, భర్తలో ఉంటుంది.

“రెండు వేసుకున్నా కరోనా వచ్చింది కదా?” ఇది న్యాయమైన ప్రశ్న. టీకా వేసుకున్నవారికి జబ్బు రాదని చెప్పకూడదు. ఆసుపత్రి పాలయ్యే, ప్రాణం మీదికి వచ్చే ముప్పును అది బాగా తగ్గిస్తుంది. ఆ రక్షణ నెలలు గడిచేకొద్దీ సన్నగిల్లుతుంది, వయసు మళ్లినవారిలో ఇంకా త్వరగా. వరి మడికి మొదటి తడి పెట్టినంత మాత్రాన పంట చేతికి రాదు కదా, మూడో డోసు కూడా అలాంటి తడే.

“ఈమధ్యే కరోనా వచ్చి తగ్గింది.” ఆనాటి జాతీయ నియమం ప్రకారం కోలుకున్నాక 3 నెలలు ఆగాలి. తేదీ రాసుకొని, ఆ తరువాత మీరే గుర్తుచేయండి.

“ఫలానా ఆయన టీకా వేసుకున్నాక చనిపోయాడు.” ఈ మాట వచ్చినప్పుడు వాదానికి దిగవద్దు. అది ఒక ఇంటి దుఃఖం. ఎప్పుడు వేసుకున్నారు, ముందునుంచి ఏ జబ్బు ఉంది, ఏ ఆసుపత్రిలో చూపించారు అని ఓపికగా వినండి. తరువాత నిజం చెప్పండి. కోవిషీల్డ్ తరువాత రక్తం గడ్డకట్టే సమస్య అరుదుగా వచ్చిన మాట వాస్తవం. మన దేశంలో టీకా అనంతర దుష్ప్రభావాలను పరిశీలించే జాతీయ కమిటీ 2021 మేలో ఇచ్చిన నివేదిక ప్రకారం అలాంటివి 10 లక్షల డోసులకు 0.61. దాచిన నిజం ఊళ్లో పదింతలై తిరుగుతుంది. చెప్పిన నిజం మీ మీద నమ్మకం పెంచుతుంది.

అన్నీ విన్నాక కూడా వద్దంటే? నమస్కారం పెట్టి వచ్చేయండి, మళ్లీ వస్తామని చెప్పండి. రేషన్ ఆపుతాం, పింఛన్ ఆపుతాం అనే బెదిరింపులు వద్దే వద్దు. ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని, సొంత శరీరం మీద మనిషికున్న హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2022 మే 2న స్పష్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, బెదిరించి వేసిన ఒక్క సూది తరువాతి పది ఇళ్ల తలుపులు మూయిస్తుంది.

5. చల్లదనం తెగకుండా

మన దేశంలో విరివిగా వాడిన కోవిషీల్డ్, కోవాగ్జిన్, కార్బెవాక్స్ మూడింటినీ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఎండకు వేడెక్కితే పాడవుతాయని అందరికీ తెలుసు. గడ్డకట్టినా పాడవుతాయని కొందరు మరచిపోతారు. అందుకే ఐస్ ప్యాకులను డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే క్యారియర్‌లో (టీకాలు మోసుకెళ్లే చల్లని పెట్టెలో) పెట్టకూడదు. బయట ఉంచి, ఊపితే లోపల నీటి చప్పుడు వినిపించేదాకా ఆగాలి. అప్పుడే నాలుగు ప్యాకులు అమర్చి, మధ్యలో టీకా సీసాలు పెట్టాలి. గడ్డకట్టిన సీసాను వాడనే కూడదు.

క్యారియర్‌ను నీడలో ఉంచండి, మాటిమాటికీ మూత తీయవద్దు. సీసా తెరిచిన వేళను సీసా మీదే రాయాలి. కార్యక్రమం మొదట్లో ప్రభుత్వ నియమం ప్రకారం తెరిచిన సీసాను 4 గంటల్లోపు వాడాలి. ఇప్పుడు మీకు అందే టీకాకు ఎంత వ్యవధో దానితో వచ్చిన సూచనల్లో చూసుకోండి. కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు ఉండేవి. అందుకే ‘పదిమంది వస్తేనే తెరుస్తాం’ అనే మాట వినిపిస్తుంది. కొండమీది గూడెంలో ఇద్దరే వృద్ధులుంటే వారిని వెనక్కి పంపడం సరికాదు. పక్కపక్క గూడేలను ఒకే రోజులో కలిపి, నడక దారిని ముందే గీసుకోండి. అప్పటికీ కొన్ని డోసులు మిగలవచ్చని వైద్యాధికారికి ముందే చెప్పి అనుమతి తీసుకోండి.

వికారాబాద్ జిల్లాలో 2021 సెప్టెంబర్ 11న డ్రోన్లతో టీకాలు, మందులు పంపే ప్రయోగం మొదలైంది. మంచి ఆలోచన. అయితే నల్లమలలోని చెంచుల ఆవాసాలైన పెంటలకు, పాడేరు కొండల మీది గ్రామాలకు టీకా చేరింది ఏఎన్ఎంల భుజాల మీదుగానే. వారికి తోడుగా ఊరి నుంచి ఇద్దరు యువకులు వెళ్లి క్యారియర్ మోస్తే, అంతకు మించిన సాయం మరొకటి లేదు.

6. శిబిరం రోజు

మూడు చోట్లు కావాలి: ఎదురుచూసే చోటు, టీకా వేసే గది, తరువాత కూర్చునే చోటు. టీకా గదికి తెరచాటు తప్పనిసరి, ముఖ్యంగా మహిళల కోసం. జాకెట్టు చేయి పైకి జరిగేంత వదులుగా ఉండేలా చూసుకొని రమ్మని ముందురోజే చెబితే ఇబ్బంది ఉండదు.

గుమ్మం దగ్గర ఒకరు జాబితాలో పేరు, చివరి డోసు తేదీ చూడాలి. ఆ రోజు జ్వరం ఉందా, గత డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చిందా, ఈమధ్య కోవిడ్ వచ్చిందా అని అడగాలి. జ్వరం ఉంటే వాయిదా. గత డోసుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే అదే టీకా మళ్లీ వేయకూడదు, వైద్యాధికారికి చూపించాలి. లోపల ఏఎన్ఎం లేదా నర్సు 0.5 మిల్లీలీటరు మోతాదును భుజం కండరంలో వేస్తారు. ప్రతి మనిషికీ కొత్త సిరంజి. సూదికి మళ్లీ మూత పెట్టకుండా వెంటనే హబ్ కట్టర్‌లో కత్తిరించాలి.

తరువాత 30 నిమిషాలు కూర్చోబెట్టడం మొక్కుబడి పని కాదు. ప్రాణాపాయమైన అలర్జీ వస్తే ఎక్కువగా ఆ అరగంటలోనే వస్తుంది. అడ్రినలిన్ ఉన్న అత్యవసర కిట్ బల్ల మీద, చేతికందేలా ఉండాలి. గడువు తేదీ చూసి ఉంచాలి. దాన్ని ఎవరు వాడాలో, 108కు ఎవరు ఫోను చేయాలో, ఏ వాహనం సిద్ధంగా ఉందో పొద్దున్నే తేల్చుకోవాలి. జనం ఆ అరగంట ఊరకే కూర్చోరు. ఆ సమయంలో బీపీ, షుగర్ పరీక్షలు చేయండి. ఇలా బయటపడే కొత్త కేసులు తక్కువేమీ కావు. వెళ్లేటప్పుడు తరువాత ఏం చేయాలో రాసిన చిన్న చీటీ, ఫోను నంబరు చేతిలో పెట్టండి.

7. ఫోను, గుర్తింపు కార్డు చిక్కులు

కోవిడ్ టీకాల నమోదుకు ప్రభుత్వం నడిపిన వెబ్‌సైటు కోవిన్‌లో మొదట ఒక ఫోను నంబరు మీద నలుగురికే నమోదు ఉండేది. 2022 జనవరిలో దాన్ని ఆరుగురికి పెంచారు. ఊళ్లలో పక్కింటివారి నంబరో, ఆశా కార్యకర్త నంబరో ఇచ్చి టీకా వేయించుకున్నవారు ఎందరో ఉన్నారు. వారి రెండో డోసు తేదీ దొరకకపోతే మూడోదానికి లెక్క కుదరదు. అందుకే శిబిరానికి వారం ముందే పాత సర్టిఫికెట్లు, సందేశాలు వెతికించండి. ఏ నంబరు మీద నమోదైందో జాబితాలోనే రాసిపెట్టండి.

ఆధార్ ఒక్కటే దారి కాదు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో ఉన్న పింఛను పత్రం, ఫొటో ఉన్న రేషన్ కార్డు కూడా చెల్లాయి. ఏ కార్డూ లేని సంచార జాతులవారికి, బిచ్చగాళ్లకు టీకా వేసే పద్ధతిని కూడా కేంద్రం 2021 మేలో రూపొందించింది. కార్డు లేదని ఎవరినీ పంపేయవద్దు. పేరు రాసుకొని వైద్యాధికారి ద్వారా ఏర్పాటు చేయించండి. సిగ్నల్ లేని చోట కాగితం మీద రాసి, అదే సాయంత్రం నమోదు చేయాలి. మర్నాటికి వదిలేస్తే పేర్లు తారుమారవుతాయి.

8. టీకా తరువాతి రోజులు

సూది వేసిన చోట నొప్పి, జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు సాధారణంగా రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. అవసరమైతే పారాసిటమాల్ చాలు. చేతికి పసరు పూయడం, వేడి కాపడం పెట్టి గట్టిగా రుద్దడం వద్దని చెప్పండి.

ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, ఆగని తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కాలు వాయడం, ఆగని కడుపునొప్పి, సూది వేసిన చోటికి దూరంగా చర్మం మీద ఎర్రటి చిన్న చుక్కలు: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఆసుపత్రిలో చేరిన ప్రతి కేసునూ, అది టీకా వల్ల వచ్చినదని అనిపించకపోయినా, వైద్యాధికారికి తెలియజేయాలి. కారణం తేల్చడం నిపుణుల పని.

మర్నాడు ఉదయం టీకా వేసుకున్న ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్లండి, కనీసం ఫోను చేయండి. “రాత్రి జ్వరం వచ్చిందా తాతా?” అన్న ఒక్క పలకరింపు తరువాతి శిబిరానికి చేసే ప్రచారాలన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఎవరికైనా జ్వరం ఎక్కువగా ఉండి, ఆ సమయంలో ఎవరూ తొంగి చూడకపోతే, ఆ వార్త సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది.

9. మిగిలిన పేర్లు

శిబిరం ముగిసిన రోజు రాత్రే జాబితాలో గీత పడని పేర్లు విడిగా రాయండి. ప్రతి పేరు పక్కన కారణం ఉండాలి: ఊళ్లో లేరు, మంచం మీద ఉన్నారు, జ్వరం వల్ల వాయిదా, ఇంకా ఆలోచిస్తామన్నారు, వద్దన్నారు. ‘నిరాకరణ’ అని ఒకే మాటతో సరిపెట్టవద్దు. ఒక్కో కారణానికి చేయాల్సిన పని వేరు.

మంచం పట్టినవారికి, కదలలేని దివ్యాంగులకు ఇంటి వద్దే టీకా వేయడానికి 2021 సెప్టెంబర్‌లోనే కేంద్రం మార్గం తెరిచింది. ఆ ఏడాది నవంబర్‌లో మొదలైన ‘హర్ ఘర్ దస్తక్’ కూడా తలుపు తట్టే కార్యక్రమమే. ఇంటి వద్ద వేసినా అరగంట ఆగే నియమం, అత్యవసర కిట్ నియమం మారవు. ఒక ఇంటి దగ్గర సిబ్బంది కూర్చునే ఆ సమయాన్ని కలుపుకొని రోజుకు ఎన్ని ఇళ్లో లెక్క వేయండి. హడావిడిగా ఎక్కువ ఇళ్లు పెట్టుకుంటే ముందుగా కత్తిరించేది ఆ అరగంటనే, అది ప్రమాదం.

వలస వెళ్లినవారు సంక్రాంతికో, దసరాకో, ఊరి జాతరకో తప్పక వస్తారు. పాలమూరు నుంచి నగరాలకు, శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌కు వేటకు వెళ్లినవారు ఊరికి చేరే రోజులు ఇంట్లోవారికి ముందే తెలుసు. పండుగ రోజు కాకుండా, వారు తిరుగు ప్రయాణం కట్టేందుకు రెండు మూడు రోజుల ముందు చిన్న శిబిరం పెట్టమని వైద్యాధికారిని అడగండి. అక్కడే వేయించుకోదలిస్తే చివరి డోసు తేదీ, టీకా పేరు రాసిన చీటీని ఇంట్లోవారితో ఫోనులో పంపించండి.

‘ఆలోచిస్తాం’ అన్నవారి దగ్గరికి నెల తిరిగేలోగా మరొకసారి వెళ్లాలి, ఈసారి మీరు కాకుండా జాబితాలోని చివరి గడిలో రాసిన మనిషి. ‘వద్దు’ అన్నవారి ఇంటికి వేరే పని మీద వెళ్లినప్పుడు, మనవడికి పోలియో చుక్కలు వేయడానికో బీపీ చూడటానికో, టీకా ఊసెత్తకుండా కూడా ఒకసారి కూర్చొని రండి.

ఈ జాబితాకు రెండు నకళ్లు తీయించి ఒకటి ఏఎన్ఎం దగ్గర, మరొకటి పంచాయతీ కార్యాలయంలో ఉంచండి. ఇందులో మనుషుల జబ్బుల వివరాలు ఉంటాయి కాబట్టి గోడకు అంటించవద్దు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. కొత్తగా 60 దాటినవారిని, కొత్త గర్భిణులను, కొత్తగా షుగర్ తేలినవారిని మూడు నెలలకోసారి చేర్చుకుంటూ పోతే, టీకా మళ్లీ ఎప్పుడు వచ్చినా మొదటి రోజే ఎవరి తలుపు తట్టాలో మీకు తెలిసి ఉంటుంది.